జిమ్మీ పేరిట నడక

అమెరికాలోని బోస్టన్ నగరమున ఏటేట ఒక నడక జరుగుచుండును. హాప్కింటన్ అను ఊరినుండి నగరము వరకు దాని దూరము సుమారు 42 కిలోమీటర్లు. సుప్రసిద్ధమైన మారథాన్ పరుగుపందెము సాగు దారి యిదియే. అయితే ఈ నడకలో పందెము లేదు, బహుమానము లేదు. పెద్దలును పిల్లలును తమ శక్తి కొలది దూరము నడచి, బంధుమిత్రులయొద్ద సేకరించిన సొమ్మును క్యాన్సరు చికిత్సకును పరిశోధనకును సమర్పింతురు. 1989లో ఆరంభమైన ఈ నడకకు జిమ్మీ నిధి నడక యని పేరు. ఈ జిమ్మీ యెవరు? అతని పేరు ఇందరిని ఎట్లు కదల్చినది? ఈ చరిత్రలో ఒక తెలుగువాని పాలు కూడ కలదు గనుక దానిని కొంత వివరముగ చెప్పదలచితిమి.

1947 నాటికి రక్తపు క్యాన్సరు, అనగా లుకేమియా, సోకిన పిల్లలకు మందన్నది లేదు. రక్తములోని తెల్లకణములు అదుపు తప్పి పెరుగగా, వారు కొలది వారములలోనో నెలలలోనో మరణించెడివారు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడుండెను. ఫోలిక్ ఆమ్లపు జాతి పదార్థములు ఇచ్చినచో ఈ వ్యాధి మరింత ముదురుచున్నట్లు ఆయన గమనించెను. అట్లయినచో, ఆ ఆమ్లమును పోలియుండి దాని పనిని చెరచు పదార్థము నిచ్చిన వ్యాధి అణగవలెను గదా యని తలచెను. అట్టి పదార్థములను తయారు చేయుచున్నది న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లే ప్రయోగశాల. అచట పరిశోధనకు అధిపతి యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, 1922లో బోస్టన్ చేరి హార్వర్డులో పనిచేసిన మహనీయుడాయన. ఆ ప్రయోగశాలనుండి వచ్చిన అమినోప్టెరిన్ అను మందును ఫార్బర్ 16 మంది పిల్లలకిచ్చెను. పదిమందికి గుణము కనిపించెను. అది కొలది నెలల ఉపశమనమే. వ్యాధి మరల తిరుగబెట్టెను. అయినను, ఈ వ్యాధి మందునకు లొంగునని లోకమునకు తెలిసినది అప్పుడే.

పరిశోధన సాగుటకు ధనము కావలెను. 1948 మే 22వ తేదీ రాత్రి రేడియోలో ఒక బాలుని కంఠము వినవచ్చెను. లింఫోమా అను మరియొక రక్తసంబంధమైన క్యాన్సరుతో ఆసుపత్రి మంచముపై నున్న పన్నెండేండ్ల బాలుడతడు. అతని అసలు పేరు మరుగుపరచి జిమ్మీ యని పిలిచిరి. హాలీవుడ్ నుండి రాల్ఫ్ ఎడ్వర్డ్స్ అతనికి ప్రియమైన బేస్‌బాల్ ఆటగాండ్రెవరని అడుగుచుండగా, బ్రేవ్స్ జట్టువారు ఒక్కొక్కరే ఆ గదిలోనికి కానుకలతో ప్రవేశించిరి. బాలుడు ఆనందముతో ఉక్కిరిబిక్కిరి యయ్యెను. అతని ముఖమును శ్రోతలు చూడలేదు, రోగమెట్టిదో అతనికి చెప్పనూ లేదు. ఆ గొంతు విన్నంత మాత్రముననే జనులు సొమ్ము పంపిరి. ఆ యేడే రెండు లక్షల డాలర్లకు పైగా చేరెను.

అదే సంవత్సరము ఆగస్టు మాసమున, తన 53వ యేట, సుబ్బారావుగారు పరమపదించిరి. తాము నాటిన విత్తు ఫలించుట వారు చూడలేదు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మిథోట్రెక్సేట్ నేటికిని లుకేమియా చికిత్సలో వాడబడుచున్నది. ఇతర మందులతో కలిపి వాడుటచే, నేడు సంపన్నదేశములలో పిల్లలకు వచ్చు ముఖ్యమైన లుకేమియా రకములో పదిమందికి సుమారు తొమ్మిదిమంది బ్రతుకుచున్నారు.

మరి జిమ్మీ యేమయ్యెను? ఆనాటి రోగులలో బ్రతికినవారు అరుదు గనుక అతడును మరణించెననియే చాలమంది యెంచిరి. 1989లో నడక మొదలయినప్పుడు వారు ఒక గతించిన బాలుని పేరిట నడచుచున్నామనుకొనిరి. కాని అతడు జీవించియే యుండెను! 1998లో, ఆ ప్రసారము జరిగిన యేబది యేండ్లకు, మెయిన్ రాష్ట్రమునకు చెందిన లారీ డ్రైవరు, ముగ్గురు కుమార్తెల తండ్రి, ఐనార్ గుస్టాఫ్సన్ అనువాడే ఆ జిమ్మీ యని లోకమునకు తెలిసెను. ఆయన 2001లో, 65 యేండ్ల వయస్సున, పక్షవాతముచే మరణించెను. చిన్ననాటి క్యాన్సరు ఆయనను కబళింపలేకపోయెను.

నేడు ఆ నడక సాగు దారిలో మైలు మైలుకు, చికిత్స పొందుచున్నవారి చిత్రపటములుండును. కాళ్లు నొచ్చినవాడు ఆ ముఖమును చూచి మరియొక మైలు నడచును. నడచువారిలో ఆ రోగుల తల్లిదండ్రులును అన్నదమ్ములును అక్కచెల్లెండ్రును ఉందురు. బిడ్డను కోల్పోయినవారును ఉందురు. ఇంతమంది చనిపోవుచున్నారని లెక్క చెప్పినచో మనము నిట్టూర్చి ఊరకుందుము. ఒక బాలుని గొంతు వినబడినప్పుడు మాత్రము లేచి నిలుతుము. 1948లో రేడియో ముందు కూర్చున్న వారికి కలిగినది ఆ కదలికయే. ప్రయోగశాలలో శ్రమించిన శాస్త్రజ్ఞుడు, మంచముపై నున్న బాలుడు, దారిలో నడచు గృహస్థుడు, ఈ మువ్వురును ఒకరినొకరు ఎరుగరు. అయినను వ్యాధి వెనుకంజ వేసినది ఆ మువ్వురి కృషివలననే యని మా విశ్వాసము.