తెర మీద పసుపు, కాగితం మీద తెలుపు

ప్రత్యేక సంచికకు పాత సర్వీసు రోజుల గురించి ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. పి.ఆర్.సి.ల గురించి, బదిలీల గురించి, సమ్మెల గురించి నాకన్నా బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను రాయదలచింది కాగితం గురించి. ఇంకా సరిగా చెప్పాలంటే, కాగితం మీద అక్షరాల వెనుక ఉండే రంగు గురించి, ముద్ర గురించి. ముప్పై అయిదేళ్లు రెవెన్యూ కాగితాల మధ్యనే గడిపినా దీని కథ నాకు పట్టలేదు. 2022లో సంఘం పని మీద నేను చేసిన ఒక పొరపాటు వల్ల పట్టింది.

ఆ ఏడు ఎనభై ఏళ్లు నిండిన పద్నాలుగు మంది సభ్యులకు సన్మాన పత్రాలు ఇవ్వాలని మన శాఖ తీర్మానించింది. ప్రెస్సులో వేయిస్తే ఖర్చు అవుతుందని, కంప్యూటరు కొంత వచ్చు గనక నేనే చేస్తానని ఒప్పుకున్నాను. వర్డ్‌లో పేజీకి లేత పసుపు రంగు వేసి, దాని మీద పేర్లు, సర్వీసు వివరాలు కూర్చాను. తెర మీద చూస్తే పెళ్లి శుభలేఖలా ఉంది. ప్రింటు తీస్తే అక్షరాలు వచ్చాయి, రంగు రాలేదు. ప్రింటరులో పసుపు సిరా అయిపోయిందేమో అనుకుని కొత్త డబ్బా కొని పెట్టాను. అప్పుడూ అంతే. సభ ఆ సాయంత్రమే. తెల్లగా వచ్చినవే కవర్లలో పెట్టి ఇచ్చేశాం.

సభకు రాలేని ఒకరికి మర్నాడు ఇంటికి తీసుకెళ్లాను. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన నాకు సూపరింటెండెంటు. నోటు ఎలా రాయాలో, డ్రాఫ్టు ఎలా పెట్టాలో చెయ్యి పట్టి నేర్పిన మనిషి. పత్రం అందుకుని, చదవకుండా ముందు కిటికీ వైపు ఎత్తి పట్టి చూశారు. "ముద్ర ఏదయ్యా?" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "తెల్ల కాగితం తెచ్చావన్న మాట" అన్నారు.

మన శాఖలో పని చేసినవారికి ఆ మాట ఎంత బరువైనదో తెలుసు. మిగతావారి కోసం ఒక సంగతి చెబుతాను.

1974లో అనుకుంటాను, వానాకాలం. తాలూకా కచేరీకి ఒక స్త్రీ వచ్చి, కొంగున కట్టుకున్న మడత కాగితం విప్పి నా బల్ల మీద పెట్టింది. రెండెకరాల చెలక కొన్నట్టు రాసుకున్న కాగితం. అమ్మినవాడి వేలిముద్ర ఉంది, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి. రాసింది మాత్రం బడిపిల్లల నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద. కొన్న భర్త పోయాడు, అమ్మినవాడూ పోయాడు. అతని కొడుకులు వచ్చి భూమి మాదే అంటున్నారు. సూపరింటెండెంటు గారు ఆ కాగితాన్ని కిటికీ వైపు ఎత్తి చూశారు. అందులో ఏమీ ఉండదని ఆయనకు తెలుసు, అయినా అలవాటు. "ఇది తెల్ల కాగితమమ్మా" అన్నారు. ఆమెకు అర్థం కాలేదు. "తెల్లదే గద సారూ, మాసిపోనియ్యలే, పైలంగ పెట్టుకున్న" అంది.

వంద రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరయిన దస్తావేజు ద్వారానే జరగాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. తగిన స్టాంపు లేని దస్తావేజును, సుంకం, జరిమానా కట్టేదాకా సాక్ష్యంగా తీసుకోరాదని 1899 నాటి స్టాంపు చట్టం అంటుంది. ఆమె డబ్బు ఇచ్చింది నిజం, దున్నుకున్నది నిజం, కాగితం మాత్రం చెల్లదు. ఆ ఫైలు తేలకముందే నాకు బదిలీ అయింది. తెలంగాణలో 2016లోను, 2020లోను సాదాబైనామాలకు దరఖాస్తులు తీసుకున్నప్పుడు పేపర్లో ఆ వార్త చదివిన ప్రతిసారీ ఆ కొంగుముడి గుర్తుకొచ్చేది.

కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూడడం మన సూపరింటెండెంట్లు కనిపెట్టిన విద్య కాదు. ఇటలీలో ఫాబ్రియానో అనే ఊళ్లో కాగితం చేసేవారు 13వ శతాబ్ది చివర్లోనే మొదలుపెట్టారు. గుజ్జును వడగట్టే జల్లెడకు తీగతో ఒక బొమ్మ అల్లి కట్టేవారు. ఆ తీగ ఉన్నచోట గుజ్జు పలచబడి, ఆరిన తరువాత వెలుతురులో బొమ్మ కనిపించేది. దాన్నే వాటర్‌మార్కు అంటాం, తెలుగులో నీటిముద్ర. పేరులో నీరు ఉంది గాని, ముద్ర వేసేది తీగే. యంత్రాలతో కాగితం చేయడం వచ్చాక, 19వ శతాబ్దిలో, డాండీ రోల్ అనే తీగల గొట్టం తడి కాగితం మీద దొర్లుతూ అదే పని చేసింది.

ఇక్కడ మనవారికి నచ్చే సంగతి ఒకటుంది. మనం సర్వీసంతా నోట్లు రాసిన ఫుల్‌స్కేప్ కాగితానికి ఆ పేరు ఒక నీటిముద్ర వల్లే వచ్చింది. విదూషకుడు పెట్టుకునే గంటల టోపీని ఇంగ్లీషులో ఫూల్స్ క్యాప్ అంటారు. 15వ శతాబ్ది నుంచి ఐరోపాలో ఆ టోపీ బొమ్మ ముద్రగా ఉన్న కాగితాలు వచ్చేవి. తరువాత ముద్ర పోయింది, కొలతకు పేరు మిగిలింది. అన్ని కచేరీల్లోని అన్ని గంభీరమైన ఉత్తర్వులూ విదూషకుడి టోపీ పేరున్న కాగితం మీదే రాశామన్న మాట!

స్టాంపు కాగితం సంగతి వేరు. దానికి నీటిముద్ర ఒక్కటే కాదు, పైన అచ్చు వేసిన రంగు, సన్నని గీతల అల్లిక కూడా ఉండేవి. నాసిక్‌లో 1920లలో మొదలైన ముద్రణాలయం నుంచి వచ్చేవి. ఆ సన్నగీతలు అందం కోసం కాదు. ఎవరైనా అంకె గీకి మార్చబోతే కింద ఉన్న గీతలు చెదిరి పట్టిస్తాయి. అందుకే మా సూపరింటెండెంటు గారు దస్తావేజు రాగానే ముందు వెలుతురులో ముద్ర చూసి, తరువాత స్టాంపు వెండరు రాసిన నంబరు, తేదీ, కొన్నవారి పేరు చూసి, ఆఖరున గాని విషయం చదివేవారు కాదు. 2001లో తెల్గీ అరెస్టయి నకిలీ స్టాంపు కాగితాల కుంభకోణం బయటపడినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. ఆయన మాత్రం "ఎత్తి చూసేవాళ్లు తగ్గిపోయారు" అన్నారు.

ఇప్పుడు మీ చెక్కుబుక్కు తీసి చూడండి. రిజర్వు బ్యాంకు సి.టి.ఎస్.-2010 ప్రమాణాల ప్రకారం వచ్చే చెక్కును వెలుతురుకు పడితే లోపల సి.టి.ఎస్.-ఇండియా అనే నీటిముద్ర కనిపిస్తుంది. మామూలు కంటికి సరిగా తెలియకుండా వాయిడ్ అనే మాట కూడా దాచి ఉంటుంది. జిరాక్సు తీస్తే అది పైకి తేలుతుంది. చెక్కు బొమ్మను స్కాను చేసి పంపినప్పుడు చేతిరాత స్పష్టంగా ఉండాలని వెనుక రంగు లేతగా ఉంచుతారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన కాలంలో వెనుక రంగు మనం వేసింది కాదు. కాగితంతో పాటే వచ్చేది. టైపుమిషనులో దూర్చి దాని మీద అక్షరాలు కొట్టడం వరకే మన పని. 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కార్డ్ పేరిట కంప్యూటర్లు వచ్చాక కూడా చాలాకాలం అంతే. దస్తావేజు కంప్యూటరులో తయారైనా, ప్రింటరులో పెట్టేది స్టాంపు కాగితాన్నే. వెనుక రంగు కూడా కంప్యూటరే వేయాలన్నది కొత్త కోరిక. కంప్యూటరు దాన్ని వేరుగా అర్థం చేసుకుంది. వర్డ్ 97లో పేజీ వెనుక రంగు పరిచే సదుపాయం తెర మీద చదువుకోవడానికే పెట్టారు. అది ప్రింటుకు వచ్చేది కాదు. ముద్ర కావాలనుకున్నవారు హెడరులో లేత బొమ్మ ఒకటి పెట్టి అక్షరాల వెనక్కి నెట్టేవారు. వర్డ్ 2002లో కాగితం మీదకు వచ్చే వాటర్‌మార్కుకు విడిగా చోటిచ్చారు. అదీ హెడరులోనే కూర్చుంటుంది గనక అడగకపోయినా ప్రింటవుతుంది. పేజీ రంగు మాత్రం అడిగితేనే వస్తుంది. పేజీ నిండా రంగు కొడితే సిరా ఎంత తాగుతుందో ప్రింటరు కొన్నవారికి చెప్పనక్కరలేదు. కనుక తప్పు నాదే.

అడగడం ఎలాగో మనవడు చూపించాడు. ఫైల్ నొక్కి, ఆప్షన్స్‌లోకి వెళ్లి, డిస్‌ప్లే అన్నచోట ప్రింట్ బ్యాక్‌గ్రౌండ్ కలర్స్ అండ్ ఇమేజెస్ అనే వరుస పక్కన టిక్కు పెట్టాలి. నేను అంతకుముందే అడ్వాన్స్‌డ్‌లో ప్రింట్ ఇన్ బ్యాక్‌గ్రౌండ్ అన్నది చూసి, ఇదే గదా అని సంబరపడి ఉన్నాను. అది వేరట. ప్రింటు అవుతుండగా మనం వేరే పని చేసుకోవచ్చని దాని అర్థం. "తాతా, వెనుక రంగు వేరు, వెనుక పని వేరు" అన్నాడు వాడు. ఇంగ్లీషు చదివి పాసైన నాకు ఆ తేడా పదో తరగతి పిల్లవాడు చెప్పవలసి వచ్చింది.

ఈసారి పసుపు రంగుతో పాటు సంఘం చిహ్నాన్ని వాటర్‌మార్కుగా పెట్టి, కాస్త మందమైన కాగితం మీద పద్నాలుగూ మళ్లీ తీశాను. పెద్దాయన ఇంటికే మొదట వెళ్లాను. కళ్లద్దాలు తుడుచుకుని, ఎప్పటిలాగే కిటికీ వైపు ఎత్తి చూశారు. తరువాత దించి చాలాసేపు చదివారు. ఆయన సర్వీసు వివరాల్లో చేరిన తేదీ ఒక్కసారి పైకి చదివారు. అప్పుడు వేలితో అంచు తడిమి, "చుట్టూ ఈ తెలుపు ఎందుకు వదిలావు?" అని అడిగారు. ఇంటి ప్రింటర్లలో చాలావాటికి అంచు చివరిదాకా రంగు వేయడం కుదరదని, అలా కావాలంటే పెద్ద కాగితం మీద వేసి కత్తిరించాలని చెప్పాను.

"పోనీలే, మార్జిను ఉండాలి. నోటు రాసుకోవద్దూ" అన్నారు.

మిగతా పదమూడింటిలో పదకొండు అందజేశాను. రెండు నా దగ్గరే ఉన్నాయి. ఆ ఇద్దరూ పిల్లల దగ్గరకు వెళ్లారని తెలిసింది. వారి చిరునామాలు తెలిసినవారు దయచేసి సంఘం ఆఫీసులో ఇవ్వగలరు.