హీబ్రూ లేఖనాల్లో ప్రేమతో కూడిన మందలింపు: ‘తోఖెహా’ – అర్థపరిణామం

వ్యాససంగ్రహం: హీబ్రూ లేఖనాల్లోని ‘తోఖెహా’ను తెలుగు పాఠకులు ‘గద్దింపు’గా ఎరుగుదురు. ఈ పదం మూలంలో కోపప్రకటనను కాక, వివాదాన్ని ఎదుటివాని సమక్షంలో తేల్చుకొనే చర్యను సూచిస్తుందని, ప్రేమతో దానికి గల సంబంధం అక్కడే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ అర్థం కుమ్రాన్ సమాజంలోనూ, రబ్బీల సాహిత్యంలోనూ ఎలా కొనసాగిందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తోఖెహా, లేవీయకాండము, కుమ్రాన్, తాల్ముద్, మైమోనిదీస్, తెలుగు బైబిల్.

1. ఉపోద్ఘాతం

తెలుగు బైబిల్‌లో ‘గద్దించు’ అనే క్రియకు విస్తృతమైన ప్రయోగం ఉంది. జెకర్యా 3:2లో యెహోవా సాతానును గద్దిస్తాడు. 106వ కీర్తనలో ఎర్రసముద్రాన్ని గద్దిస్తాడు. లేవీయకాండము 19:17 పొరుగువానిని గద్దించాలని ఆజ్ఞాపిస్తుంది. తెలుగులో క్రియ ఒకటే అయినా హీబ్రూలో రెండు వేర్వేరు ధాతువులున్నాయి. మొదటి రెండు చోట్ల ఉన్నది ‘గాఅర్’. శత్రువును గాని, ప్రకృతిశక్తిని గాని అదలించి అణచివేయడం దాని అర్థం. లేవీయకాండములో ఉన్నది యోద్–కాఫ్–హేత్ అనే ధాతువు. ‘తోఖెహా’ అనే నామవాచకం దీని నుండే పుట్టింది. ఈ భేదాన్ని గుర్తించకపోతే, సాటిమనిషితో వ్యవహరించవలసిన తీరును శత్రువును అణచే తీరుగా అపార్థం చేసుకొనే ప్రమాదం ఉంది.

2. ధాతువు – న్యాయనేపథ్యం

ఈ ధాతువు నుండి వచ్చిన ‘మోఖీఅహ్’ అనే పదం యోబు 9:33లో ఇరుపక్షాల మధ్య నిలిచే మధ్యవర్తిని సూచిస్తుంది. ఆమోసు 5:10లో నగరద్వారం వద్ద న్యాయం పలికేవాడికి ఇదే పేరు. ప్రాచీన ఇశ్రాయేలులో పెద్దలు తీర్పు చెప్పిన స్థలం నగరద్వారమే. యెషయా 1:18లో దేవుడు ప్రజలను వాదానికి పిలిచిన సందర్భంలోనూ ఇదే ధాతువు కనిపిస్తుంది. అక్కడ తెలుగు అనువాదకులు ‘గద్దించు’ను వదలి, వివాదం తీర్చుకోవడమనే అర్థాన్ని స్వీకరించడం గమనార్హం.

ఆదికాండము 21వ అధ్యాయం ఇందుకు చక్కని నిదర్శనం. అబీమెలెకు దాసులు బావిని బలవంతంగా ఆక్రమించగా, అబ్రాహాము ఆ విషయాన్ని నేరుగా అబీమెలెకు ముందుంచుతాడు. తనకు ఆ సంగతి అంతవరకు తెలియదని అతడు సమాధానమిస్తాడు. తరువాత ఇద్దరూ ప్రమాణం చేసి ఒడంబడిక కుదుర్చుకొంటారు. ఆ స్థలానికి బెయేర్షెబా అనే పేరు వస్తుంది. ఇక్కడ మందలింపు ఎదుటివానికి సమాధానం చెప్పుకొనే అవకాశం ఇచ్చింది. అబ్రాహాము మౌనంగా ఉండి ఉంటే ఆ అవకాశమే ఉండేది కాదు.

3. లేవీయకాండము 19:17–18

ఈ రెండు వచనాల అమరికలోనే ప్రేమకు, మందలింపుకు గల సంబంధం వ్యక్తమవుతుంది. మొదట, హృదయంలో సహోదరుని ద్వేషించరాదన్న నిషేధం. ఆపై మందలించాలన్న విధి. అనంతరం పగ తీర్చుకోవద్దు, కక్ష పెట్టుకోవద్దు అన్న నిషేధాలు. చివర పొరుగువానిని ప్రేమించాలన్న ఆజ్ఞ. మనసులో దాగిన ద్వేషం ప్రతీకారంగా మారకుండా మధ్యలో అడ్డుకొనేది మందలింపే. కాబట్టి ఇక్కడ ప్రేమ అంటే మాటలోని మెత్తదనం మాత్రమే కాదు. ఫిర్యాదును ఎదుటివానికి తెలియకుండా దాచుకోకపోవడం.

ఈ ఆజ్ఞ చివరి ఉపవాక్యానికి రెండు అర్థాలు సాధ్యం. మందలించకపోతే అతని పాపంలో నీకూ భాగం వస్తుందన్నది ఒకటి. తెలుగు అనువాదం దీనినే అనుసరించింది. మందలించే క్రమంలో నీవే పాపం మూటగట్టుకోవద్దన్నది రెండవది. రబ్బీలు ఈ రెండవ అర్థాన్ని ఆధారం చేసుకొని, ఎదుటివాని ముఖం సిగ్గుతో వివర్ణమయ్యేలా మందలించరాదని నిర్ణయించారు.

సామెతల గ్రంథంలోని ధోరణి కొంత భిన్నం. అక్కడ మందలింపు ‘మూసార్’, అంటే శిక్షణతో కూడి ఉంటుంది. తండ్రి కుమారునికి, గురువు శిష్యునికి చెప్పే మాటగా అది పైనుండి కిందికి సాగుతుంది. లేవీయకాండములోని విధి మాత్రం సాటివారి మధ్యది. ఈ రెండింటినీ కలిపివేసినప్పుడు మందలింపు పెద్దల అధికారంగా మాత్రమే మిగులుతుంది.

4. కుమ్రాన్ సమాజం

మృతసముద్ర తీరంలోని కుమ్రాన్ గుహల్లో 1947 నుండి లభించిన ప్రతులు ఈ విధి ఆచరణరూపాన్ని తెలుపుతున్నాయి. సత్యంతో, వినయంతో, ప్రేమతో పరస్పరం మందలించుకోవాలని, కోపాన్ని మరునాటికి మిగల్చరాదని సమాజ నియమావళి నిర్దేశించింది. ముందుగా సాక్షుల ఎదుట మందలించకుండా సభలో నేరం మోపినవాడు పగ తీర్చుకొన్నవాడితో సమానమని దమస్కు పత్రం చెబుతుంది. మందలింపు పొందిన సభ్యుల పేర్లతో కూడిన ఒక శిథిలపత్రం (4క్యూ477) కూడా లభించింది. దీన్నిబట్టి మందలింపు అక్కడ నిందితునికి రక్షణగానూ, సమాజానికి క్రమశిక్షణగానూ పనిచేసిందని గ్రహించవచ్చు.

5. రబ్బీల సాహిత్యం

మందలింపు లేని ప్రేమ ప్రేమే కాదన్న అభిప్రాయాన్ని ఆదికాండ రబ్బా అబ్రాహాము బావి ప్రస్తావనలోనే నమోదు చేసింది. అయితే రబ్బీలు మందలించేవాని అర్హతను కూడా ప్రశ్నించారు. తమ తరంలో మందలింపును స్వీకరించగలవాడు ఉన్నాడా అని రబ్బీ తర్ఫోన్, మందలించడం తెలిసినవాడు ఉన్నాడా అని రబ్బీ ఎలాజర్ బెన్ అజర్యా సందేహించినట్లు తాల్ముద్‌లోని అరాఖీన్ భాగం తెలుపుతుంది. తన ఫిర్యాదు వల్ల అనేకసార్లు దండన పొందిన అకీవా తనను మరింతగా ప్రేమించాడని రబ్బీ యోహానాన్ బెన్ నూరీ చెప్పిన సంగతి కూడా అక్కడే ఉంది. వినని మాటను చెప్పకపోవడమూ విధియేనని యెవామోత్ భాగం పేర్కొంటుంది.

12వ శతాబ్దంలో మైమోనిదీస్ ‘మిష్నే తోరా’లో ఈ సంప్రదాయాన్ని క్రోడీకరించాడు. అన్యాయానికి గురైనవాడు మౌనంగా ద్వేషించక, ఎందుకిలా చేశావని అడగాలి. ఏకాంతంలో, మృదువుగా, ఎదుటివాని మేలు కోరి మాట్లాడాలి. అతడు క్షమాపణ కోరితే క్షమించాలి.

6. ముగింపు

‘తోఖెహా’ చరిత్రలో మందలించే విధి ఎంత స్థిరంగా ఉందో, మందలించేవానిపై నియంత్రణ కూడా అంతగా పెరుగుతూ వచ్చింది. ‘గద్దించు’ అనే తెలుగు క్రియలో ధ్వనించే అదలింపు ఈ రెండవ అంశాన్ని మరుగుపరుస్తుంది. లేవీయకాండ సందర్భంలో ‘ముఖాముఖిగా తప్పు తెలియజెప్పు’ అన్న వివరణ మూలానికి మరింత సన్నిహితంగా ఉంటుంది. తప్పు చెప్పినవాడు జవాబు వినడానికి కూడా సిద్ధపడినప్పుడే ఆ మందలింపు ప్రేమతో కూడినదవుతుందని ఈ పరిశీలన వల్ల తెలుస్తున్నది.