సంచి మీద పడవ బొమ్మ, దాని వెనకాల నార్వే దొరలు

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. సాయంత్రం పశువుల పని అయినాక తీరిగ్గా చదవండి.

మన నిమ్మనపల్లె, మదనపల్లె పక్క టమోటా పెట్టే వాళ్ళకు ఈ బాధ చెప్పనక్కర్లేదు. కాయ ఊరే టయానికి అడుగున నల్లమచ్చ పడి కుళ్ళుతుంది. నీళ్ళు ఒకరోజు ఎక్కువ, మూడు రోజులు తక్కువ అయితే ఇంకా జాస్తి. కాయకు కాల్షియం అందకనే అట్లా అవుతుంది. అప్పుడు ఎరువుల అంగడికి పోయి కాల్షియం నైట్రేట్ తెచ్చి డ్రిప్పులో వదులుతాం. ఆ సంచుల్లో ఒక రకం మీద తెరచాప ఎత్తిన పాతకాలం పడవ బొమ్మ ఉంటుంది చూడండి. అది నార్వే దేశపు యారా కంపెనీది. ఏండ్ల తరబడి సంచి కోసి పోసుకున్నానే గాని ఆ పడవ ఎవరిదని ఎప్పుడూ అడగలేదు. ఆ కంపెనీని పెట్టినోళ్ళ కథ చదివినాక, ఇది మన రైతులకు చెప్పాల్సిన కథే అనిపించింది.

ముందు ఒక మాట. ఉరుములు మెరుపులతో వాన పడితే పైరు రెండు రోజుల్లో నలుపు తిరుగుతుందని మన పెద్దోళ్ళు అనేవాళ్ళు. బోరు నీళ్ళు ఎన్ని కట్టినా ఆ పచ్చదనం రాదు. అందులో నిజం ఉంది. మెరుపు వేడికి గాలిలోని నత్రజని కరిగే రూపానికి మారి, వానతో నేలకు దిగుతుంది. ఈ మెరుపునే ఫ్యాక్టరీలో పుట్టించినోడు సామ్ ఐడె.

ఐడె 1866లో అరెండాల్ అనే రేవు పట్నంలో, ఓడలున్న ఇంట్లో పుట్టినాడు. బెర్లిన్‌లో ఇంజనీరింగు చదివి, జర్మనీలో కొలువు చేసి, సొంత ఆఫీసు పెట్టుకున్నాడు. వంతెనలు, రేవులు, రైలు స్టేషన్లు కట్టే పని. అది చాలదనుకున్నాడేమో, స్వదేశంలో జలపాతాల హక్కులు కొనడం మొదలుపెట్టినాడు. ర్యూకాన్ జలపాతం అట్లా చేతికొచ్చింది. నీళ్ళున్నాయి, కరెంటు తీయొచ్చు. ఆ కరెంటుతో ఏం చేయాల? కొండల మధ్యన అంత కరెంటు కొనేవాడు లేడు.

అదే కాలంలో ప్రపంచానికి ఇంకో దిగులు ఉండింది. ఐరోపా పొలాలకు నత్రజని చిలీ దేశం నుంచి ఓడల్లో వచ్చే సూరేకారంతో అందేది. ఆ గనులు అయిపోతే గోధుమ చాలదని, గాలి నుంచే నత్రజని తీయాలని 1898లో విలియం క్రూక్స్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త సభలో గట్టిగా చెప్పినాడు.

1903 ఫిబ్రవరి 13న ఐడె ఒకరి ఇంటికి భోజనానికి పోయినాడు. ఆ ఇల్లు గున్నార్ క్నుద్సెన్ అనే ఓడల యజమానిది. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్ళా వస్తాడు. ఆ విందులో క్రిస్టియన్ బిర్క్‌లాండ్ అనే ప్రొఫెసర్ కలిసినాడు. ఉత్తర ధ్రువం దగ్గర ఆకాశంలో ఆడే వెలుగుల మీద పరిశోధన చేసేవాడు. దానికి డబ్బు కావాలని కరెంటుతో పేలే ఫిరంగి ఒకటి తయారు చేసి, అప్పటికి వారం ముందే పెద్దల ఎదుట పేల్చబోతే అది షార్టయి పెద్ద మంట లేచింది. మానం పోయిందనుకున్నాడు. ఐడె మాత్రం తనకు కావలసింది భూమ్మీద అన్నిటికన్నా పెద్ద మెరుపు అన్నాడట. ఆ మంట అప్పటికే బిర్క్‌లాండ్ కండ్లలో ఉంది కదా! వారం తిరక్కుండానే పేటెంటుకు కాయితం పెట్టినారు.

పని తీరు ఇదీ. కరెంటు మంటను అయస్కాంతంతో బండి చక్రమంత వెడల్పు చేసి, దాంట్లోగుండా గాలి తోలుతారు. వేడి దాదాపు 3000 డిగ్రీలు. వచ్చిన వాయువును నీళ్ళలో కలిపితే నైట్రిక్ ఆమ్లం. దాన్ని సున్నపురాయి మీద పోస్తే కాల్షియం నైట్రేట్. మన డ్రిప్పులో పోయే ఉప్పు ఇదే. 1905లో నోటోడెన్ అనే చోట ఫ్యాక్టరీ నడిచింది. ఆ ఏడాది డిసెంబరు 2న నోర్స్క్ హైడ్రో కంపెనీ పెట్టినారు, మొదటి డైరెక్టర్ జనరల్ ఐడెనే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అదే ఏడాది జూన్‌లో నార్వే స్వీడన్ నుంచి విడిపోయింది. ఆర్నెల్లకే పెట్టిన ఈ కంపెనీకి పెట్టుబడి ఎవరిది? స్వీడన్ వాలెన్‌బర్గుల డబ్బు, ఫ్రాన్సు బ్యాంకు డబ్బు. జలపాతం నార్వేది, బుర్ర నార్వేది, డబ్బు బయటిది. పంట మనది, లారీ మనది, రేటు మాత్రం మండీలో ఇంకొకరిది అన్నట్టు.

ఇప్పుడు క్నుద్సెన్ దగ్గరికి వస్తాం. విందు పెట్టినాయన 1908లో ప్రధానమంత్రి అయినాడు. తానూ వ్యాపారే. అయినా 1909లో ఒక చట్టం తెచ్చినారు. జలపాతం వాడుకునేందుకు కంపెనీకి అనుమతి ఇస్తాం, గడువు మాత్రం 60 నుంచి 80 ఏండ్లు. గడువు తీరినాక జలపాతం, దాని మీద కట్టిన కరెంటు కేంద్రం ప్రభుత్వానికి పైసా లేకుండా తిరిగి రావాల. ఇది చదివి నేను చాలాసేపు ఆలోచించినా. మన బాహుదా నీళ్ళ గురించి అరవై ఏండ్ల తర్వాతి మాట ఎవరైనా ఎప్పుడైనా మాట్లాడినారా అని.

ఐడె మాత్రం ఆగలేదు. 1911లో ర్యూకాన్ దగ్గర వేమోర్క్ కరెంటు కేంద్రం మొదలైంది, అప్పటికి ప్రపంచంలో అదే పెద్దది. ఊరే లేని లోయలో ఊరు కట్టినారు. అక్కడ కొండ అడ్డమై ఏడాదిలో ఆర్నెల్లు ఎండ పడదు. జనం ఎండ చూసేందుకు కంపెనీ 1928లో తాడు మీద పోయే బండి కట్టించింది. కొండ మీద అద్దాలు పెట్టి ఊర్లోకి ఎండ తిప్పాలనే ఆలోచన ఐడె కాలానిదే, అది 2013లో జరిగింది. మనకేమో ఏప్రిల్‌లో ఎండ ఎవరైనా తీసుకుపోతే బాగుండనిపిస్తుంది.

ఆఖరుకు ఏమైంది? 1913లో జర్మనీలో హేబర్, బాష్ పద్ధతి వచ్చింది. నత్రజని తీసేందుకు మెరుపు అక్కర్లేదు, కరెంటు ఖర్చు చాలా తక్కువ. ఐడెకు పెట్టుబడిదారులతో పొసగలేదు, 1917లో పదవి వదిలినాడు. తర్వాత పార్లమెంటు సభ్యుడు, పోలాండులో రాయబారి, 1940లో చనిపోయినాడు. బిర్క్‌లాండ్ 1917లోనే టోక్యోలో ఒక హోటల్ గదిలో నిద్రమందు ఎక్కువై పోయినాడు, 49 ఏండ్లకే. నోబెల్‌కు పేరు పోయింది గాని రాలేదు. తర్వాత 200 క్రోనర్ల నోటు మీద ఆయన బొమ్మ వేసినారు. నాకు ఈయన మీదే జాలి.

1926లో వచ్చిన డైరెక్టర్ జనరల్ ఆక్సెల్ ఔబెర్ట్ ఐడె పద్ధతినే తీసేసి, మరుసటేడు జర్మన్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. వాళ్ళకు వాటాలూ పోయినాయి. 1945లో యుద్ధం అయినాక ఆ జర్మన్ వాటాలు నార్వే ప్రభుత్వం చేతికొచ్చినాయి. 2004లో ఎరువుల భాగం విడిపోయి యారా అయింది. ఈ పొద్దుకీ మూడో వంతు పైన, 36 శాతం వాటా నార్వే ప్రభుత్వానిదే. సంచి కొంటే వచ్చే లాభంలో వాళ్ళ జనానికి పాలు ఉందన్నమాట.

అంతా మంచోళ్ళని చెప్పను. యారా మొదటి అధిపతి థోర్లైఫ్ ఎంగర్, చమురు పక్క నుంచి వచ్చినోడు. లిబియాలో, మన దేశంలో లంచాల వ్యవహారంలో 2014లో కంపెనీ 29.5 కోట్ల క్రోనర్ల జరిమానా ఒప్పుకుంది. 2015లో ఆయనతో కలిపి నలుగురు పాత అధికారులకు ఓస్లో కోర్టు శిక్ష వేసింది. అప్పీలులో ఎంగర్‌తో పాటు ముగ్గురు నిర్దోషులుగా బయటపడినారు, న్యాయ విభాగం పెద్ద ఒక్కడికి ఏడేండ్లు పడింది. 2018లో, స్వైన్ తోరె హోల్‌సెథర్ అధిపతిగా ఉండగా, ఉత్తరప్రదేశ్ బబ్రాలాలోని టాటా యూరియా ఫ్యాక్టరీని కొన్నారు. అట్లా ఇప్పుడు వాళ్ళు మన దేశంలోనే యూరియా కూడా చేస్తున్నారు.

యూనినార్ సిమ్ము గుర్తుందా, అది కూడా నార్వే వాళ్ళదే. దాన్ని నడిపిన సిగ్వే బ్రెక్కే కథ ఇంకోసారి రాస్తా. ఇప్పుడు కరెంటు వచ్చింది, డ్రిప్పు వదలాల.