శ్రుతి ఎవరిది? ఇంజను సవరింపుకు నూరేళ్ళ చరిత్ర

తంబురాను శ్రుతి చేయడానికీ, కారు ఇంజనును సరిచేయడానికీ ఇంగ్లీషులో ఒకటే మాట: ట్యూనింగ్. ఈ పోలిక ఊరికే పుట్టలేదనిపిస్తుంది. రెండింటికీ బిరడా తిప్పే చేయీ, వినే చెవీ కావాలి. రెండింటిలోనూ గంటలకొద్దీ కుదిర్చిన శ్రుతిని మరొకరి చేయి క్షణంలో చెరిపేయగలదు.

అమెరికాలోనూ ఐరోపాలోనూ కార్లను తమకు నచ్చినట్టు మార్పించుకునేవారి నోట తరచు వినబడే ఫిర్యాదు ఒకటుంది. పెద్ద ఇంజెక్టర్లూ వెడల్పాటి గాలిగొట్టమూ బిగించుకుని, వాటికి తగినట్టుగా ఇంజను కంప్యూటరులోని లెక్కలను ఒక నిపుణుడిచేత తిరగ రాయించుకుంటారు. కొన్నాళ్ళకు ఆయిలు మార్పించడానికో, కంపెనీ ప్రకటించిన రీకాల్ పనికో కారును డీలరు వర్కుషాపులో ఇస్తారు. సాయంత్రం తెచ్చుకుంటే బండి నిలిచిన చోట వణుకుతుంది, ఎక్కేచోట ఈడవలేకపోతుంది. బిల్లులో ఒక మూల చిన్న అక్షరాలలో "సాఫ్టువేరు నవీకరించబడినది" అని ఉంటుంది. డీలరు తన పని తాను చేశాననే అంటాడు. నిజానికి చేశాడు కూడా. మరి తప్పెక్కడ జరిగింది? ఇది అర్థం కావాలంటే శ్రుతి చేసే అధికారం ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారుతూ వచ్చిందో చూడాలి.

1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టీ కారులో స్టీరింగు చక్రం కింద రెండు మీటలుండేవి. కుడివైపు మీట ఇంజను వేగాన్ని పెంచడానికి, ఎడమవైపుది నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో నిర్ణయించడానికి. బండి వేగం పుంజుకునే కొద్దీ రవ్వను ముందుకు జరపాలి. ముందున్న హ్యాండిలు తిప్పి ఇంజనును లేపేటప్పుడు మాత్రం వెనక్కి పెట్టుకోవాలి. మరచిపోతే హ్యాండిలు ఎదురు తన్ని చేయి విరిగేది. 1927 దాకా ఒకటిన్నర కోట్లకు పైగా తయారైన ఆ కార్లలో నడిపేవాడే శ్రుతికారుడు. పొరపాటుకు శిక్ష కూడా అక్కడికక్కడే, అతనికే.

తరవాతి దశాబ్దాలలో ఆ మీట పని డిస్ట్రిబ్యూటరులోని బరువులకూ స్ప్రింగులకూ అప్పగించబడింది. గాలినీ పెట్రోలునూ కలపడం కార్బురేటరు వంతు. అయినా సరిచేసే దారి తెరిచే ఉండేది. ఒక స్క్రూ తిప్పితే మిశ్రమం మారేది, డిస్ట్రిబ్యూటరును కాస్త తిప్పితే రవ్వ సమయం మారేది. మన ఊళ్ళలో అంబాసిడరు, ఫియట్ కార్ల కాలం ఎరిగినవారికి, స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి పిడిని చెవికి పెట్టుకుని వినే మెకానిక్కు గుర్తుండే ఉంటాడు. ఇక్కడ గమనించవలసింది ఒకటి. ఆ సవరింపు కంటికి కనబడేది. స్క్రూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకోవచ్చు. ఇంకొకరు కదిపితే కదిపారని తెలుస్తుంది, తిరిగి పాత చోటికి తేవచ్చు.

ఈ తెరిచిన దారికి తలుపు వేసింది కంపెనీల దురాశ కాదు, పొగ. 1943 వేసవిలో లాస్ ఏంజెలెస్ నగరాన్ని కళ్ళు మండించే పొగమంచు కమ్ముకుంది. యుద్ధకాలం కనుక శత్రువులు విషవాయువు వదిలారేమోనని కూడా జనం భయపడ్డారు. కాలిఫోర్నియాలో పనిచేస్తున్న డచ్చి రసాయన శాస్త్రజ్ఞుడు ఏరీ హాగెన్-స్మిట్ 1950ల తొలినాళ్ళలో అసలు కారణం తేల్చాడు. కార్ల గొట్టాలనుంచి వెలువడే హైడ్రోకార్బన్లూ నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండ తగిలి మారితే ఏర్పడేదే ఆ పొగ. 1970లో అమెరికా స్వచ్ఛవాయు చట్టాన్ని కట్టుదిట్టం చేసి, హైడ్రోకార్బన్లనూ కార్బన్ మోనాక్సైడునూ 1975 మోడళ్ళ నాటికి 90 శాతం తగ్గించాలని ఆదేశించింది. ఆ గడువును తరవాత పొడిగించారన్నది వేరే కథ.

దాని ఫలితంగా కార్బురేటరు స్క్రూల మీదికి ప్లాస్టిక్ టోపీలు వచ్చాయి, స్క్రూ కొంత మేరకే తిరిగేలా. 1980 దరిదాపుల్లో ఆ టోపీల స్థానంలో స్క్రూలను పూర్తిగా మూసేసే ఉక్కు బిరడాలు వచ్చాయి. చట్టం కూడా వెంటనే నడిచింది. పొగ నియంత్రణ పరికరాలను చెడగొట్టకూడదన్న నిషేధం మొదట కంపెనీలకూ డీలర్లకూ, 1977లో బయటి మెకానిక్కులకూ, 1990లో సామాన్యుడితో సహా అందరికీ వర్తించింది.

ఇంతలో చెవి పనికి పోటీ వచ్చింది. 1976లో బాష్ కంపెనీ తయారుచేసిన లాంబ్డా సెన్సారు వోల్వో కార్లలో తొలిసారి అమరింది. కాలిన వాయువులో మిగిలిన ఆక్సిజనును పసిగట్టి, ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి అన్న తూకాన్ని నిలబెట్టడం దాని పని. 1979లో బీఎండబ్ల్యూ 732ఐ కారులో వచ్చిన బాష్ మోట్రానిక్, ఇంధనాన్నీ నిప్పురవ్వనూ ఒకే డిజిటల్ పెట్టె పాలనలోకి తెచ్చింది. అప్పటినుంచి శ్రుతి ఉండే చోటు స్క్రూ కాదు, అంకెల పట్టిక. ఫలానా వేగానికి, ఫలానా బరువుకు ఇంత ఇంధనం, ఈ క్షణాన రవ్వ, అని గళ్ళు గళ్ళుగా రాసిపెట్టిన పట్టిక.

పట్టికను తిరగ రాసే నేర్పరులూ త్వరలోనే పుట్టుకొచ్చారు. 1980లలో కంప్యూటరు పెట్టె విప్పి, లోపలి చిప్పు పెరికి, తమ చిప్పు గుచ్చేవారు. అది చేతితో తాకగల వస్తువు. డీలరుకు ఇచ్చేముందు పాతది పెట్టి, తెచ్చుకున్నాక కొత్తది పెట్టుకోవచ్చు. 1990ల మధ్యకల్లా చెరిపి రాయగల మెమొరీ వచ్చింది. 1996 మోడళ్ళనుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ ఒకే తీరు పరీక్షా ద్వారం తప్పనిసరి అయింది. పెట్టె విప్పకుండానే ఆ ద్వారంలో తీగ గుచ్చి పట్టిక మొత్తం మార్చే వీలు నిపుణుడికీ కలిగింది, డీలరుకూ కలిగింది. కొత్త రాత వస్తే పాత రాత చెరిగిపోవలసిందే. పలక ఒకటే, బలపాలు రెండు.

మొదట చెప్పిన కారు మొరాయించడానికి కారణం ఇదే. నిమిషానికి 500 సీసీలు చిమ్మే ఇంజెక్టరు స్థానంలో 750 సీసీలది ఉందనుకుందాం. కంపెనీ పట్టిక తిరిగి వచ్చిందంటే, అది పాత ఇంజెక్టరే ఉందనుకుని అంతే సేపు తెరిచి ఉంచుతుంది. ఒకటికి ఒకటిన్నర ఇంధనం పడి ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. గాలిగొట్టం సంగతి ఇంతకంటె ప్రమాదం. సెన్సారు గొట్టంలో ఒకచోట గాలి ప్రవాహాన్ని కొలుస్తుంది. గొట్టం వెడల్పయితే అదే గాలి నెమ్మదిగా పోతుంది కనుక గాలి తక్కువ వచ్చిందని కంప్యూటరు పొరబడి ఇంధనం తగ్గిస్తుంది. మామూలు నడకలో లాంబ్డా సెన్సారు ఈ తప్పును కొంతవరకు దిద్దుతుంది. పెడలు పూర్తిగా నొక్కినప్పుడు చాలా కార్లలో ఆ దిద్దుబాటు పనిచేయదు. మిశ్రమం పలచబడి, వేడెక్కి, రవ్వ పడిన తరవాత మిగిలిన మిశ్రమం తనంత తానే భగ్గుమంటుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. పిస్టను చితికే దాకా యజమానికి తెలియకపోవచ్చు.

అయితే ప్రతి తేడాకూ నవీకరణే కారణం కాదు. బ్యాటరీ తీసి పెట్టినా కంప్యూటరు నేర్చుకున్న చిన్న సవరణలు పోయి, కొద్దిరోజులు బండి తడబడుతుంది. స్పార్కుప్లగ్గు సందు మారినా, టర్బో గొట్టం క్లిప్పు వదులైనా లక్షణాలు దాదాపు ఒకటే. నింద వేసేముందు కొలతలు చూడడం న్యాయం.

న్యాయం మాట వచ్చింది కనుక, అది పూర్తిగా ఎవరి పక్షానా లేదని చరిత్ర చెబుతుంది. కారు కొన్నవాడిదే అయినా అందులోని రాత ఎవరిదన్న వివాదం అమెరికా కాపీరైటు కార్యాలయం దాకా పోయింది. మరమ్మతుకూ చట్టబద్ధమైన మార్పుకూ ఆ తాళం తీయవచ్చునని 2015లో యజమానికి మినహాయింపు దొరికింది. 2018లో అతని తరఫున పనిచేసేవారికీ వర్తించింది. కాని వాయుచట్టం నుంచి మినహాయింపు కాదది. బయటి భాగం వాడినంత మాత్రాన వారంటీ రద్దు చేయరాదని 1975 నాటి చట్టం చెబుతుంది. కాని ఆ మార్పు వల్లే చెడిందని తేలితే ఖర్చు యజమానిదే.

ఇక పట్టికకు తానొక్కడే నమ్మకమైన కాపలాదారునన్న తయారీదారుడి మాట 2015 సెప్టెంబరులో పలచబడిపోయింది. పరీక్ష జరుగుతోందని గుర్తుపట్టి, అప్పుడు మాత్రమే శుభ్రంగా నడిచే రాతను ఫోక్స్‌వాగన్ తన డీజిలు కార్లలో పెట్టిందని బయటపడింది. ప్రపంచమంతటా అలాంటివి సుమారు 1.1 కోట్ల కార్లు. అటు, కంపెనీ తాళాన్ని తిట్టే శ్రుతికారులు కూడా తక్కువ తినలేదు. తాము రాసిన పట్టికను యజమానికి సైతం కనబడకుండా తాళం వేసి ఇచ్చేవారు చాలామంది. డీలరు చెరిపేస్తే మళ్ళీ వారి గుమ్మం ఎక్కవలసిందే.

మోడల్ టీ మీటనుంచి నేటి అంకెల పట్టిక దాకా మారింది నైపుణ్యం ఒక్కటే కాదు, జాడ. స్క్రూ తన కథ తాను చెప్పేది. మెమొరీ చెప్పదు, చివరగా రాసినవాడి మాటే మిగులుతుంది. అందుచేత ఈనాటి యజమాని చేయవలసిన పని చాలా పాతది: రాసిపెట్టుకోవడం. ఏ భాగం మార్చాడో, ఏ పట్టిక ఎక్కించాడో, దాని నకలు ఎక్కడుందో తన దగ్గర ఉంచుకోవాలి. తన అనుమతి లేకుండా సాఫ్టువేరు ముట్టుకోవద్దని వర్కుషాపు కాగితం మీద రాయించాలి. తెచ్చుకున్నాక పెడలు గట్టిగా నొక్కేముందు పట్టిక సరిచూసుకోవాలి. తంబురా మోసుకుపోయేవాడు కచేరీకి ముందు మరొకసారి తీగ మీటి చూసుకుంటాడు కదా. దారిలో ఎవరి మీదా అనుమానంతో కాదు, పాడవలసింది తనే కనుక.