ఇసుకలో దిద్దిన అక్షరం



మొన్న మా మనవడికి అక్షరాభ్యాసం చేశాం. పళ్ళెంలో బియ్యం పోసి, పురోహితుడుగారు వాడి చూపుడువేలు పట్టుకుని ఓనమాలు దిద్దించారు. వాడికెంత సరదా అనుకున్నారు! వేలికింద గింజలు జారుతుంటే ఒకటే కేరింతలు. మర్నాటికి బియ్యం డబ్బాలోకి వెళ్ళిపోయాయి, వాడి చేతికి పెన్సిలూ గీతల పుస్తకమూ వచ్చాయి. వారం తిరక్కుండానే ‘అ’ అంటే ఏడుపు. ఆ పళ్ళెం ఒక్కరోజుకే ఎందుకు ఎత్తేశామా అనుకుంటూంటే, ఎప్పుడో చదివిన రెండు సంగతులు గుర్తుకొచ్చాయి.

మొదటిది మద్రాసులో జరిగింది. 1789లో ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర పాఠశాలకు ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు పెద్దగా ఉండేవాడు. స్కాట్లండు మనిషి. ఓ ఉదయం గుర్రమెక్కి షికారు వెళ్తూ ఒక వీధిబడి చూశాడు. పిల్లలు నేలమీద ఇసుక పరచుకుని వేళ్ళతో అక్షరాలు దిద్దుతున్నారు. మన తాతముత్తాతలకు ఇందులో వింతేముంది? దొరగారికి మాత్రం కళ్ళు తెరిపిళ్ళు పడ్డాయి. తన బళ్ళో చిన్న తరగతికి అలాగే నేర్పమన్నాడు. అక్కడి ఉపాధ్యాయుడు అది కుదిరే పని కాదన్నాడు. సరే అని, ఎనిమిదేళ్ళ జాన్ ఫ్రిస్కెన్ అనే కుర్రాడికి ఆ పని అప్పగించాడు బెల్. ఆ బుడతడు నేర్పి చూపించాడు!

బెల్ 1797లో లండనులో ఈ ముచ్చటంతా పుస్తకంగా వేశాడు. ఇసుక పళ్ళేలు ఇంగ్లండు బళ్ళలోకి వెళ్ళాయి గానీ, అక్కడివారికి ఇసుక కంటే పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించి పంతుళ్ళ జీతాలు మిగుల్చుకోవడమే ఎక్కువ నచ్చినట్టుంది. ఒక్క పంతులు కింద వందలమంది పిల్లలు!

రెండో సంగతి రోము నగరానిది. 1907 జనవరి 6న శాన్ లొరెంజో అనే బీదల పేటలో డాక్టర్ మరియా మాంటిసోరి ఒక బాలగృహం తెరిచారు. తల్లిదండ్రులు పనులకు పోతే పిల్లలు గోడలు పాడుచేస్తున్నారని ఇళ్ళవాళ్ళ బాధ. ఆ బాధలోంచి పుట్టిన బడి అది. ఆరేళ్ళలోపు పిల్లలకు చదువు చెప్పాలని ఆమెకు మొదట లేనేలేదు. చెప్పమని అడిగింది ఎవరనుకున్నారు? ఆ పిల్లల తల్లులు. చాలామందికి తమకే చదువు రాదు.

చెక్క అక్షరాలు చేయించడం కుదరలేదు. అందుకని వడ్రంగులు వాడే గరుకు కాగితాన్ని అక్షరాలుగా కత్తిరించి అట్టలకు అంటించారు. పిల్లవాడు రాసే వాలులోనే దానిమీద వేళ్ళు పోనిస్తాడు, టీచరు ఆ శబ్దం పలుకుతుంది. (ఇంగ్లీషులో అక్షరం పేరు ఒకటి, శబ్దం ఇంకొకటి, మనకు ఆ తంటా లేదు.) పెన్సిలు పట్టడం మాత్రం వేరే ఆట. బిళ్ళల అంచు వెంబడి బొమ్మ గీసి లోపల రంగు నింపడం. చెయ్యి తిరగడం ఒకచోట, అక్షరం రూపు ఇంకోచోట. మనం రెండూ ఒకేసారి నెత్తిన వేస్తాం, అందుకే ఏడుపు.

ఆ డిసెంబరులో ఓ రోజు మేడమీద అందరూ కూర్చుని ఉండగా, పొగగొట్టం బొమ్మ గియ్యమని ఒక అయిదేళ్ళ అబ్బాయికి సుద్దముక్క ఇచ్చారు. వాడు బొమ్మ గీశాడు. మెచ్చుకుంటే ఓ క్షణం ఆగి, "నాకు రాయడం వచ్చు!" అని అరుస్తూ నేలమీద ‘చెయ్యి’ అనే మాట ఇటాలియనులో రాసేశాడు. అంతకుముందు ఎవరూ వాడిచేత రాయించలేదు.

ఆవిడ 1939 నవంబరులో మద్రాసు అడయారు వచ్చి, దేశం నలుమూలలనుంచీ వచ్చిన సుమారు 300 మందికి పాఠాలు చెప్పారు. మరుసటి జూనులో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిషువారికి ఆవిడ శత్రుదేశస్థురాలయ్యారు. కొడుకు మారియోని అహ్మద్‌నగర్‌లో నిర్బంధించారు. ఈ కొడుకు కథ తలుచుకుంటే నాకు గుండె కలుక్కుమంటుంది. పెళ్ళి కాకుండా 1898లో పుట్టిన ఆ బిడ్డను ఆవిడ పల్లెటూళ్ళో దాదికి అప్పగించాల్సివచ్చింది. సుమారు పదిహేనేళ్ళకు గానీ తనదగ్గర పెట్టుకోలేకపోయారు, ఆ తర్వాత కూడా నలుగురిలో కొడుకని చెప్పుకోలేదు. లోకంలో పిల్లలందరి గురించీ ఆలోచించిన తల్లి! 1940 ఆగస్టులో, ఆవిడ డెబ్భయ్యో పుట్టినరోజుకు, అతన్ని విడిచిపెట్టారు. ఆవిడ 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు, కొన్నాళ్ళు కొడైకెనాల్‌లో కూడా.

గరుకు కాగితం ఇనపసామాను కొట్లో దొరుకుతుంది. సన్నరకం అడగండి, ముతకదైతే పిల్లల వేళ్ళు గీసుకుపోతాయి. అక్షరం అరచెయ్యంత ఉండాలి. మావాడికి ‘అ’ కత్తిరించేసరికి నావి రెండు కాగితాలు పాడయ్యాయి. ‘ఋ’ జోలికి ఇంకా వెళ్ళలేదు.