పాలిమర్ కలిపిన కాంక్రీటు: రేడియేషన్ రక్షణలో చరిత్ర

రేడియేషన్‌ను ఆపే గోడలు, దిమ్మెలు, తలుపుల కోసం పాలిమర్లు చేర్చి చేసే కాంక్రీటు ఇది. సిమెంటుతో పాటే లేటెక్స్ కలిపేది ఒక రకం. గట్టిపడిన కాంక్రీటు రంధ్రాల్లోకి ద్రవ మోనోమర్‌ను ఇంకించి లోపలే గట్టిపరిచేది మరొకటి. సిమెంటు లేకుండా ఎపాక్సీ వంటి రెసిన్‌తోనే కంకరను పట్టి ఉంచేది మూడోది.

గామా కిరణాలను ఆపాలంటే బరువు కావాలి. న్యూట్రాన్ల తీరు వేరు. వాటి వేగాన్ని తగ్గించడానికి తేలికైన హైడ్రోజన్‌ను మించినది లేదు. మామూలు కాంక్రీటులో ఆ హైడ్రోజన్ నీటి రూపంలో ఉంటుంది. వేడికి నీరు ఆవిరైపోతే న్యూట్రాన్లను ఆపే శక్తీ తగ్గుతుంది. రక్షణ గోడల్లో హైడ్రోజన్ నిండిన పాలిమర్‌ను కలపడానికి ఈ నీటి సమస్యే ఒక కారణం.

1943లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో కట్టిన ఎక్స్-10 రియాక్టర్‌ చుట్టూ ఏడడుగుల మందాన కాంక్రీటు పోశారు. మరుసటి ఏడాది నడిచిన హాన్‌ఫర్డ్ బి రియాక్టర్ రక్షణ గోడలో ఉక్కు పలకల మధ్య మేసొనైట్ అనే చెక్కపీచు అట్టలు పేర్చారు. ఉక్కు గామాకు, హైడ్రోజన్ నిండిన అట్ట న్యూట్రాన్లకు. పాలిమర్ కాంక్రీటు వెనుక ఉన్న ఆలోచన అప్పటికే అక్కడ కనిపిస్తుంది.

గామాను ఆపే బరువు సంగతిలో తెలుగు నేలకు పెద్ద పాత్రే ఉంది. కడప ప్రాంతంలోని మంగంపేట ముగ్గురాయి, అంటే బెరైటీస్, నిక్షేపం ప్రపంచంలోని అతి పెద్ద వాటిలో ఒకటి. ఇక్కడి రాయి ఎక్కువగా పోయేది చమురు బావుల తవ్వకానికి. అక్కడ బురదను బరువెక్కించే గుణమే ఇక్కడ గోడకు పనికొస్తుంది. మామూలు కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 2.4 టన్నులు తూగితే, ముగ్గురాయి కంకరతో పోసినది 3.2 నుంచి 3.5 టన్నులు తూగుతుంది. బరువైన కంకర అడుగుకు దిగిపోవడం ఈ పనిలో పాత చిక్కు. జిగురుగా ఉండే రెసిన్ దాన్ని పట్టి ఉంచుతుంది.

సిమెంటులో పాలిమర్లు కలిపే కథ మాత్రం రోడ్లతో మొదలైంది. 1923లో బ్రిటన్‌లో క్రెసన్, రోడ్డు పనికి సహజ రబ్బరు లేటెక్స్ వాడకంపై పేటెంటు పొందారు. 1924లో లెఫెబ్యూర్ సిమెంటు, లేటెక్స్ పాళ్లను లెక్కకట్టారు. 1960లలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో మేయర్ స్టైన్‌బర్గ్ బృందం ఎండిన కాంక్రీటులోకి మిథైల్ మెథాక్రిలేట్‌ను ఇంకించి, కోబాల్ట్-60 గామా కిరణాలతో గట్టిపరిచింది. నొక్కుడు బలం నాలుగు రెట్ల వరకు పెరిగింది. రేడియేషన్‌తో తయారైన కాంక్రీటే రేడియేషన్‌కు అడ్డుగోడ కావడం ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచే ఘట్టం. 1975లో లండన్‌లో కాంక్రీటులో పాలిమర్లపై తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది.

న్యూట్రాన్లు నెమ్మదించాక వాటిని మింగేందుకు బోరాన్ కలుపుతారు. కరిగే బోరాన్ లవణాలు సిమెంటు గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తాయి. రెసిన్‌కు ఆ ఇబ్బంది లేదు. క్యాన్సర్ చికిత్సలో 10 మెగావోల్టులు దాటిన లీనియర్ యాక్సిలరేటర్లలో న్యూట్రాన్లు పుడతాయి కాబట్టి, ఆ గదుల తలుపుల్లో బోరాన్ కలిపిన పాలిఎథిలీన్ వాడతారు. గోడలు మాత్రం కాంక్రీటువే: 6 మెగావోల్టుల ఎక్స్ కిరణాలు పదో వంతుకు తగ్గాలంటే దాదాపు 35 సెంటీమీటర్ల మందం కావాలి.

గల్ఫ్ వాతావరణం ఈ పదార్థానికి గట్టి పరీక్ష. ఒమాన్ రాజధాని మస్కట్ శివారు అల్ మవాలేలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. లేటెక్స్ కలిపిన కాంక్రీటును మొదట తడిగా, తర్వాత పొడిగా ఆరనివ్వాలి. అప్పుడే పాలిమర్ పొర కడుతుంది. తొలి గంటల్లోనే తడి ఆరిపోతే బీటలు పడతాయి. వేడికి నీరు పోయే సమస్యకు అదే ఒమాన్‌లో మరో మార్గమూ కనిపిస్తుంది: హజర్ పర్వతాల సమైల్ ఓఫియోలైట్‌లో సర్పెంటినైట్ రాయి విస్తారంగా ఉంది. దానిలోని సర్పెంటైన్ ఖనిజం బరువులో సుమారు 13 శాతం బంధిత నీరే. 400 డిగ్రీలు దాటినా ఆ నీరు చాలావరకు నిలుస్తుంది. అందుకే వేడెక్కే రియాక్టర్ గోడల్లో ఈ జాతి రాతిని కంకరగా వాడతారు.

పాలిమర్ అంత వేడికి తాళదు. నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. పైగా ఎక్కువ మోతాదు రేడియేషన్ పాలిమర్ గొలుసులను తెంచుతుంది. ఎపాక్సీ, పాలీస్టైరిన్‌లతో పోలిస్తే అక్రిలిక్ త్వరగా దెబ్బతింటుంది. కాబట్టి రియాక్టర్ గర్భానికి ఆనుకున్న చోట్ల కంటే ముందుగా పోసిన దిమ్మెలకు, మరమ్మతులకు, గోడల్లో గొట్టాలు దూరే సందులకు ఈ కాంక్రీటు ఎక్కువ అనువు.