భీంకి అక్షరాలు ఎవరు నేర్పారు? సినిమా చెప్పిన చరిత్ర, ఫైళ్ళు చెప్పిన చరిత్ర, మా అమ్మమ్మ చెప్పిన చరిత్ర

పోస్ట్ పెద్దదే. ఓపిక చేసుకుని చదవండి, తప్పుంటే కింద చెప్పండి, సరిచేసుకుంటాను.

నేను మారేడుమిల్లి వైపు కొండరెడ్ల పిల్లాణ్ణి. అమలాపురంలో హాస్టల్లో ఉండి బి.ఏ. హిస్టరీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గేటు దాటింది నేనే మొదటివాణ్ణి. మొన్న ఒక ఆదివారం హాస్టల్ టీవీలో ‘ఆర్ఆర్ఆర్’ వేశారు. క్లాసులో నా పక్కన కూర్చునే రాజోలు ఫ్రెండ్ కూడా వచ్చాడు. చివర్లో రామరాజు భీంని నీకేం కావాలని అడుగుతాడు కదా. నాకు, నా వాళ్ళకి చదువు కావాలంటాడు భీం. అప్పుడు రామరాజు జెండా మీద ‘జల్ జంగల్ జమీన్’ అని రాసిస్తాడు. అది చూసి మావాడు నా భుజం తట్టి, "చూసావా ఒరేయ్, మీవాళ్ళకి అక్షరాలు నేర్పింది కూడా రామరాజేరా" అన్నాడు. వెటకారం కాదు, వాడు మంచోడు. ప్రేమగానే అన్నాడు. నేను కూడా నవ్వేశాను.

రాత్రి పడుకున్నాక మాత్రం ఆ మాట వదల్లేదు. ఎందుకంటే 2022లో సినిమా రిలీజైనప్పుడు మేం నలుగురం రాజమండ్రి వెళ్ళి చూశాం, ఆ సీన్‌కి గట్టిగా చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. అడవివాడికి చదువు ఎప్పుడూ బయటివాడే తెచ్చి ఇస్తాడన్న మాటకి నేనే చప్పట్లు కొట్టాను.

సరే, ఇది కల్పిత కథ అని సినిమా వాళ్ళే ముందు బోర్డు వేశారు. అది ఒప్పుకుందాం. 1920 ఢిల్లీలో వీళ్ళిద్దరూ స్నేహితులవడం కల్పన. రామరాజు పోలీసు ఆఫీసరు అవడం కల్పన. కల్పన చేసుకునే హక్కు వాళ్ళకుంది. నా అనుమానం వేరే. కల్పన చేసేటప్పుడు ఎవరి చేతికి పెన్ను ఇచ్చారు, ఎవరి చేత అడిగించారు అన్నది. ఎటైనా రాయగలిగే చోట ఇటే ఎందుకు రాశారు?

కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ‘జల్ జంగల్ జమీన్’ నినాదం ఆయనదే అని గోండులు ఈనాటికీ చెప్తారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో ఆయన వర్ధంతి చేస్తారు. ఇంగ్లీషు తేదీ పట్టుకుని కాదు, వెన్నెల పట్టుకుని. ఆయన చదువు నేర్చుకున్నది చాందా (ఇప్పటి చంద్రపూర్)లో ఒక ప్రెస్సు నడిపే విఠోబా దగ్గర అని, తర్వాత అస్సాం టీ తోటలకి పోయి పనిచేశాడని గోండుల్లో చెప్పుకునే కథ. అల్లం రాజయ్య, సాహు గార్లు కలిసి రాసిన ‘కొమురం భీం’ నవలలో కూడా ఈ కథ ఉంది. అంటే మనవాళ్ళు చెప్పుకునే భీం చదువు కోసం తానే ఊరు దాటి వెళ్ళినవాడు, ఎవరో జెండా మీద రాసిస్తే పుచ్చుకున్నవాడు కాదు.

ఇక్కడే నేనో తప్పు చెయ్యబోయాను. మర్నాడు ఈ మాట మా ఫ్రెండ్‌కి గొప్పగా చెప్పాను. వాడు ఒకటే అడిగాడు: "అదీ నవలే కదరా?" నిజమే. సినిమాని అనుమానించి, మనకి నచ్చింది కాబట్టి నవలని కళ్ళు మూసుకుని నమ్మితే ఇద్దరం ఒకటే. కాకపోతే తేడా ఒకటుంది. నవల రాసినవాళ్ళు ఆదిలాబాద్ గూడేలు తిరిగి, ముసలివాళ్ళని కూర్చోబెట్టి అడిగి రాశారు. సినిమాకి ఆ అవసరం పడలేదు.

అక్కడినుంచి నా ఆలోచన మన మన్యానికి వచ్చింది. రామరాజు గారి గురించి మనకి తెలిసిందంతా ఎక్కడిది? చాలామందికి 1974లో వచ్చిన కృష్ణ గారి సినిమా. మా నాన్నకి రామరాజు అంటే కృష్ణే. ఫొటోలో అసలు రామరాజుని చూపిస్తే "ఈయనెవరు, సన్నగా ఉన్నాడు?" అన్నాడు! ఆ సినిమా మీద నాకు కోపం లేదు. శ్రీశ్రీ గారు రాసిన పాటకి జాతీయ అవార్డు వచ్చింది, ఇప్పటికీ స్కూల్లో ఆగస్టు పదిహేనుకి అదే పాడతాం. కానీ గాం గంటందొర, గాం మల్లుదొర సినిమాల్లో రామరాజు పక్కన నిలబడే మనుషులు అయిపోయారు.

రికార్డుల్లో అలా లేదు. గంటందొర బట్టిపనుకుల మునసబు. గూడెంలో బాస్టియన్ అనే తహసీల్దారు నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయిస్తూ, కూలి సరిగ్గా ఇవ్వకుండా కొండవాళ్ళ చేత పని చేయించేవాడు. గంటందొరకి వాడితో గొడవ రామరాజు తుపాకీ పట్టకముందే ఉంది. అంతకుముందు నుంచీ 1882 అటవీ చట్టం, పోడు మీద ఆంక్షలు, ముఠాదారుల హక్కులు పోవడం, ఇవన్నీ ఉన్నాయి. ఎండిన గడ్డి అప్పటికే ఉంది అన్నమాట. రామరాజు చేసింది చిన్నపని అని నేను అనట్లేదు. 1922 ఆగస్టు 22, 23, 24 వరసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు కొట్టి 26 తుపాకులు, 2500కి పైగా తూటాలు తీసుకోవడం, తీసుకున్నవాటి లెక్క స్టేషన్ రికార్డులోనే రాసి సంతకం పెట్టడం మామూలు మనిషి చేసే పని కాదు. 1924 మే 7న ఆయన్ని చంపేశారు. తర్వాత నెలలో గంటందొర చనిపోయాడు. మల్లుదొరని అండమాన్ జైలుకి పంపారు.

ఆ మల్లుదొర 1952లో విశాఖపట్నం ఎస్టీ సీటు నుంచి ఇండిపెండెంట్‌గా గెలిచి మొదటి లోక్‌సభకి వెళ్ళాడు. ఇది చదివినప్పుడు నేను లైబ్రరీలో లేచి నిలబడ్డాను. సినిమాకి ఇంతకంటే మంచి క్లైమాక్స్ ఏముంది చెప్పండి? అండమాన్ నుంచి పార్లమెంటుకి వెళ్ళిన మనిషి. ఎవరూ తియ్యలేదు. జిల్లాకి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు, సంతోషం. గాం సోదరుల పేరు మాత్రం మా క్లాసులో అడిగితే నాతో కలిపి ముగ్గురికి తెలుసు.

రికార్డులు అంటున్నాను గానీ అవి రాసిందెవరు? మనల్ని కాల్చినవాళ్ళే. అందులో మన పోరాటం పేరు ‘ఫితూరీ’, మనవాళ్ళు ‘గ్యాంగు’. వాటిని నమ్మాలా? మా లెక్చరర్ గారు చెప్పిన చిట్కా నాకు బాగా పనికొచ్చింది. శత్రువు తనని తాను మెచ్చుకున్నచోట అనుమానించు, తన తప్పు ఒప్పుకున్నచోట గట్టిగా పట్టుకో అన్నారు. బాస్టియన్ చేసిన దౌర్జన్యం ఆ ప్రభుత్వం రికార్డుల్లోనే ఉంది. తమ తహసీల్దారు మీద తామే అబద్ధం రాసుకోరు కదా. మన వైపు కాగితం లేకపోయినా వాళ్ళ కాగితమే మనకి సాక్షి అయ్యింది.

ఇప్పుడు కోనసీమ మాట చెప్తాను. ఇక్కడ చాలా ఊళ్ళలో కాటన్ దొర విగ్రహాలు ఉంటాయి, దండలు వేస్తారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తెల్లవాడికి దండ ఏంటని. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశారు. ఆ నీళ్ళే ఈ కొబ్బరి తోటలు, ఈ వరి. కాలవ పక్కన పుట్టినవాడికి దొర అంటే నీళ్ళు ఇచ్చినవాడు. (మా దగ్గర దొర అంటే మనవాడే, గంటందొర, తమ్మన్నదొర. ఇక్కడ దొర అంటే తెల్లవాడు. ఒకే మాట, అదీ ఒకే గోదావరి.) ఆనకట్ట కట్టిన మద్రాసు ప్రభుత్వమే 27 ఏళ్ళ తర్వాత రంప మీదకి సైన్యాన్ని పంపింది. మా ఫ్రెండ్ వాళ్ళ తాత చెప్పేదీ నిజమే, మా తాత చెప్పేదీ నిజమే. పుస్తకంలో మాత్రం ఆనకట్టకి రెండు పేజీలు, 1879 రంపకి రెండు లైన్లు.

1879లో అసలేం జరిగింది? కల్లు. మా కొండల్లో జీలుగు చెట్టు, తాటి చెట్టు ఇంటి మనిషి లాంటివి. అంతవరకు ఇంటి అవసరానికి గీసుకునే కల్లుని కొత్త ఆబ్కారీ పద్ధతి తెచ్చి కాంట్రాక్టర్లకి ఇచ్చేశారు. పైన మన్సబుదారు వేసే చిగురుపన్ను అదనం. మార్చిలో తిరుగుబాటు లేచింది, అడ్డతీగల ఠాణా మీద పడ్డారు. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య లాంటివాళ్ళు ముందు నడిచారు. అణచడానికి చాలా నెలలు పట్టింది. మన్సబుదారు చేసిన అన్యాయాన్ని ప్రభుత్వం వాళ్ళే ఒప్పుకుని ఆ మన్సబు తీసేశారు. తమ్మన్నదొర మీద మాత్రం ఇంతవరకు పెద్ద సినిమా లేదు. మైదానం నుంచి వచ్చిన హీరో ఆ కథలో లేడు కదా, అందుకేనేమో. ఇది నా అభిప్రాయం.

దసరా సెలవలకి ఇంటికెళ్ళినప్పుడు మా అమ్మమ్మని అడిగాను, మన పితూరీ గురించి చెప్పవే అని. ఫోన్లో రికార్డింగ్ పెట్టాను. ఆమె చెప్పింది: "మా తాతల కాలంలో చెట్టు గీస్తే పన్ను, కుండ దింపితే పన్ను. అప్పుడు రామరాజు వచ్చి అడ్డతీగల ఠాణా పడగొట్టాడు."

నేను వెంటనే ఆపి, కాదు అమ్మమ్మా, కల్లు పన్ను గొడవ తమ్మన్నదొర కాలంది, రామరాజు 43 ఏళ్ళ తర్వాత వచ్చాడు అన్నాను. పుస్తకం చదివిన పొగరు. ఆమె నా వంక చూసి ఊరుకుంది. తర్వాత హాస్టల్‌కి వచ్చి ఆ రికార్డింగ్ మళ్ళీ మళ్ళీ విన్నాను. రామరాజు దళం కూడా 1922 అక్టోబర్‌లో అడ్డతీగల వచ్చింది. ఒకే ఊరు, రెండుసార్లు. అందుకే రెండూ కలిసిపోయాయి. పైగా సినిమా వచ్చాక రామరాజు పేరు పెద్దదైపోయి తమ్మన్నదొర పేరుని మింగేసి ఉంటుంది. అంటే సినిమా మా అమ్మమ్మ జ్ఞాపకంలోకి కూడా వచ్చి కూర్చుంది. తేదీ తప్పు, పేరు తప్పు. కానీ చెట్టు మీద పన్ను, కుండ మీద పన్ను అన్న మాట ఎక్కడా పోలేదు. ఏ సినిమాలోనూ నేను ఆ కుండ చూడలేదు.

ఆమెని మధ్యలో ఆపడం నేను చేసిన తప్పు. ఆపకపోతే ఇంకేం చెప్పేదో. ఆ రికార్డింగ్ నాలుగు నిమిషాల దగ్గరే ఆగిపోయింది.

సంక్రాంతికి మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి మా రాజోలు ఫ్రెండ్ కూడా వస్తానంటున్నాడు, జీలుగు కల్లు రుచి చూడాలట (అదీ అసలు కారణం). గ్రూపులో అడ్డతీగల, రాజవొమ్మంగి, వై.రామవరం, చింతపల్లి, కొయ్యూరు వైపు వాళ్ళుంటే ఒక సాయం చెయ్యండి. మీ ఇంట్లో ముసలివాళ్ళని కల్లు పన్ను గురించి, తమ్మన్నదొర గురించి అడిగి, మధ్యలో ఆపకుండా రికార్డు చేసి పెట్టండి. ఊరి పేరు, చెప్పినవాళ్ళ వయసు, వాళ్ళు ఆ కథ ఎవరి దగ్గర విన్నారో కూడా అడగండి. కృష్ణ సినిమా చూశారా అన్నది కూడా.